సమస్యాపూరణం: "సాయ మొసగవలదు స్వామి యనియె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను. విషయం జర్మనీలోని చిన్న సంస్థానం ఆన్హాల్ట్-డెస్సావ్ రాకుమారుడు, ప్రష్యా రాజ్యపు ఫీల్డ్ మార్షల్ లియోపోల్డ్ (1676–1747) జీవితం. సైనికులు 'ముసలి డెస్సావర్' అని పిలుచుకున్నది ఈయన్నే. పేరును పద్యంలో ఇరికించనక్కర్లేదు, మనిషి కనిపిస్తే చాలు.

పద్యప్రియ:
మందు లమ్మువాని మంచి కూతును బాయఁ
దల్లి నన్నుఁ బంపె దవ్వులకును;
ఆమె యత్నమునకు నణుమాత్రమైనను
సాయ మొసగవలదు స్వామి యనియె

డెస్సావ్‌లో మందులవ్యాపారి కూతురు అన్నా లూయిస్‌ను ప్రేమించాడు. తల్లి ఆరెంజ్ వంశపు ఆడపడుచు. మరిచిపోతాడని కొడుకును ఇటలీ తిప్పించింది. మరవలేదు. 1698లో పాలన చేతికి రాగానే ఆమెనే పెళ్లాడాడు. 1701లో పవిత్ర రోమన్ చక్రవర్తి ఆమెకు రాకుమారి హోదా ఇచ్చాడు.

నిర్వాహకుడు: బాగుందమ్మా! 'అణుమాత్రమైనను' సమస్యలోకి జారిపోయిన తీరు చక్కగా ఉంది. ఈ మొర మీ కల్పనే అయినా ఆ వయసుకి అతికింది.

కవాతు: గురువుగారూ, నాదీ చూడండి.
కఱ్ఱ విరిగె ననుచు నినుపకడ్డినిఁ దాల్చి
గుండు వెనుక గుండు కురియఁ జేసి
నాదు కసరతుండ నాకింక వేరుగ
సాయ మొసగవలదు స్వామి యనియె

తుపాకీలో మందు, గుండు దట్టించే కర్ర తొందరలో విరిగేది. దాని బదులు ఇనుపకడ్డీ తెచ్చాడు, అడుగులో అడుగు వేసే నడక నేర్పాడు.

నిర్వాహకుడు: మొదటి పాదంలో క–ని యతి చెల్లదు నాయనా. 'కఱ్ఱ విరుగు ననుచుఁ గడ్డి కినుము నిచ్చి' అంటే క–గ కుదురుతుంది. అసలు పేచీ మూడో పాదంతో. 'నా కసరత్తు చాలు, దేవుడెందుకు' అనే పొగరు ఈయనది కాదు. కత్తి దూసే ముందు టోపీ తీసి దేవుణ్ణి పిలిచిన మనిషి. కాకపోతే పిలిచి బేరం పెట్టాడు.

కవాతు: యతి సరిచేస్తాను. ఆ బేరం మీద మీరే ఒకటి చెప్పండి మరి.

నిర్వాహకుడు:
నాకు సాయ మీయ నచ్చకున్నను మాను,
చూచుచుండు మయ్య చోద్య మీవు,
ముసలి యోధుఁ డంత మూర్ఖశత్రువులకు
సాయ మొసగవలదు స్వామి యనియె

1745 డిసెంబర్ 15, డ్రెస్డెన్ దగ్గర కెసెల్స్‌డోర్ఫ్. ఎదుట శాక్సనీ రాజ్యపు (శాక్సన్) సేన. ఈయనకు 69 ఏళ్లు. యుద్ధానికి ముందు ఇలా ప్రార్థించాడని చెప్పుకుంటారు.

పద్యప్రియ: క్షమించండి గురువుగారూ, 'ముసలి యోధుఁ డంత' ప్రార్థన మధ్యలో అడ్డంగా కూర్చుంది. మాట ఎవరిదో తెలియడానికి ఒక పాదం ఆగాల్సి వచ్చింది.

నిర్వాహకుడు: ఒప్పుకుంటాను. అన్వయం దూరమైంది. కానీ 'చోద్యం' వదులుకోలేను. మంచు గడ్డకట్టిన వాలు ఎక్కుతూ, ఊరి ఫిరంగులకు ఎదురెళ్లి, ప్రష్యన్లు మొదట వెనక్కి తగ్గారు. శాక్సన్ గ్రెనేడియర్లు, అంటే ఏరికూర్చిన కాల్బలం, గెలిచేశామనుకుని ఊరి అండ వదిలి తరుముకొచ్చారు. బయటపడిన వాళ్ల మీదికి ప్రష్యన్ డ్రాగూన్ల (ఆశ్వికుల) గుర్రాలు దూకాయి. దేవుడు ఎవరి పక్షానా రానక్కర్లేకపోయింది, శత్రువే తప్పు చేశాడు.

పద్యప్రియ: అదే ఏడాది ఫిబ్రవరిలో అన్నా లూయిస్ పోయింది కదండీ. నా పద్యంలో తల్లికి సాయం చేయొద్దన్న కుర్రవాడు, మీ పద్యంలో శత్రువుకి చేయొద్దన్న ముసలాయన. ఒకటే గొంతు.

కవాతు: అయితే నా మూడో పాదం మారుస్తాను. 'నాదు పగఱకైన నణుమాత్రమైనను'. చెల్లుతుందా?

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి, యతీ పడింది. అణుమాత్రం మాత్రం పద్యప్రియగారిది. ఆవిడనడిగి వాడుకో.