‘రన్’ అనే మాటకు నలభై అర్థాలు బట్టీ పట్టించాలా?

గాజువాక అమ్మ:
మా పాప ఏడో తరగతి. ట్యూషన్‌లో ‘రన్’కి నలభై అర్థాలు రాయించి, సోమవారానికల్లా అప్పజెప్పమన్నారు. రాత్రి పదకొండింటికి కూడా కళ్లు మూసుకుని ‘పరిగెత్తు, నడుపు, పారు, కారు’ అంటూ వల్లె వేస్తోంది. మాకు కిరాణా కొట్టు ఉంది. ‘మై ఫాదర్ రన్స్ ఎ షాప్’ అంటే ఏంటమ్మా అని అడిగాను. ‘నాన్న కొట్టుకి పరిగెడతారు’ అంది. ‘నడుపు’ ఆ జాబితాలో రెండోదే! ఇలా నేర్పడం తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

మద్దిలపాలెం మాస్టారు:
ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పానమ్మా. జాబితా దండగని తీసిపారేయకండి. ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ అంటే బియ్యం నిండుకున్నాయని. ఎవరూ చెప్పకుండా ఏ పిల్లాడు ఊహిస్తాడు? కొన్ని కంఠతా రావలసిందే.

పెందుర్తి వాసి:
మాస్టారూ, మీరు రాసిన మాటే చూడండి. ‘నిండుకున్నాయి’ అంటే అయిపోయాయని మనకెవరు జాబితా వేసి చెప్పారు? అమ్మ డబ్బా మూత తీసి, అడుగున గ్లాసు గీరుకున్న చప్పుడయ్యాక ఆ మాట అంటే విన్నాం. అంతే, జన్మలో మరిచిపోలేదు.

ఇక నలభైతో ఆగేదేముంది? ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో ‘సెట్’ క్రియకే 430 అర్థాలున్నాయి. తర్వాతి సవరణలో ‘రన్’ క్రియకు 645 తేలాయి. ఎన్నని వల్లె వేయిస్తాం? మన ‘పట్టు’ తక్కువదా? జలుబు పడుతుంది, చెమట పడుతుంది, తుప్పు పడుతుంది, సింహాచలం వెళ్లడానికి గంట పడుతుంది, పిల్లాడికి మాత్రం నిద్ర పట్టదు. ఏ పిల్లా ఇవి అప్పజెప్పి నేర్చుకోలేదు.

2005లో మన మధురవాడ స్టేడియంలో పాకిస్థాన్ మీద ధోనీ 148 పరుగులు చేశాడు. సిక్సర్ కొట్టినవాడు పరిగెత్తనక్కర్లేదు, అయినా ఆరు ‘రన్స్’ వస్తాయి. ఆట చూసే పిల్లలకు ఆ అర్థం విడిగా చెప్పాలా?

మద్దిలపాలెం మాస్టారు:
నిండుకోవడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ తెలుగు పొద్దున్న లేచింది మొదలు చెవిన పడుతుంది. ఇంగ్లిష్ మన పిల్లలకు అలా ఎక్కడ వినిపిస్తుంది బాబూ? ఆ లోటు పుస్తకమే తీర్చాలి. అయితే ఒట్టి అర్థం వద్దు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయించండి. అదీ వాళ్లింట్లో జరిగేదై ఉండాలి. నలభై అక్కర్లేదు, పది చాలు.

గాజువాక అమ్మ:
మాస్టారూ, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే పది రాయించాను. మొదటిది మా కొట్టు గురించే. ‘ద ట్యాప్ ఈజ్ రన్నింగ్’ అని రాస్తూ పాప ఆగి చెవి పెట్టి విని, లేచి వెళ్లి వంటింట్లో కొళాయి కట్టేసి వచ్చింది. ఆ నోట్సు పట్టుకుని రేపు ట్యూషన్‌కి నేనే వెళ్తున్నాను.