పేస్టెల్ లుక్‌కి ప్రాంప్ట్ ఎలా రాయాలి? చర్మం రంగు పాడవుతోంది

అక్క పెళ్లిలో మంగళస్నానాల వీడియోకి ఏఐతో పేస్టెల్ (లేత, మెత్తని రంగుల) లుక్ తేవాలని వారం నుంచి కూర్చున్నాను. "పేస్టెల్ రంగులు, కలలాంటి వెలుగు" అని రాస్తే అంతా పాలు పోసినట్టు తెల్లబారుతోంది. అక్కది చామనఛాయ. ముఖం గులాబీ రంగులోకి పోతోంది, ఒంటి మీది పసుపు వెలిసిపోతోంది. అది మాత్రం నాకు అస్సలు వద్దు.

"కాంట్రాస్ట్, శాచ్యురేషన్ తక్కువ, నీడల్లో లేత పుదీనా రంగు, హైలైట్స్‌లో పీచ్, చర్మం రంగు, పసుపు మార్చకు" అని విడమర్చి రాశాక ఒక షాట్ చాలా బాగా వచ్చింది. పక్క షాట్‌లో మళ్లీ వేరే రంగులు!

ఒక్కో రంగును కచ్చితంగా చెప్పే హెక్స్ కోడ్‌లు ఇస్తే నిలకడగా వస్తుందా? బాగా వచ్చిన ఫ్రేమ్‌ని రిఫరెన్స్‌గా ఇవ్వాలా? లేక దాన్ని చూసి లట్ (LUT, రంగుల మార్పును దాచుకునే ఫైల్) చేసుకుని అన్ని షాట్లకూ వేయడమే మేలంటారా? మీరు వాడిన ప్రాంప్ట్ ఉంటే దయచేసి పెట్టండి.