అప్‌డేట్: ఓపెన్ టెన్త్ మానేయాలా అని అడిగాను కదా

నాకు 38 ఏళ్లు, టైలరింగ్ చేస్తాను, లెక్కలు రెండుసార్లు ఫెయిలయ్యాను, ఓపెన్ స్కూల్ టెన్త్ మానేయనా అని అప్పుడు అడిగాను. మానలేదండీ.

కారణం మా లెక్కల మేడమ్. రెండు ఆదివారాలు క్లాసుకి వెళ్లకపోతే ఆవిడే ఫోన్ చేశారు. "ఎందుకు రాలేదు" అని అడగలేదు. "ఒంట్లో బాగుందా అమ్మా?" అన్నారు. పెళ్లిళ్ల సీజన్, కుట్టు పని నెత్తి మీద ఉందని చెప్పాను. సరే, సాయంత్రం గంట ముందు రండి, కూర్చుందాం అన్నారు.

వెళ్తే నా పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. భిన్నాలు అనగానే నాకు చెమటలు. "బ్లౌజుకి ముప్పావు మీటరు గుడ్డ అడుగుతారు కదా, అదేంటి?" అన్నారు. మూడు పావులు అన్నాను. కాగితం మీద 3, కింద గీత, దాని కింద 4 రాసి, "మీరు రోజూ చేసే లెక్కే" అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు ఇదే లెక్క రాక బడిలో గోడకుర్చీ వేశాను.

పాసైన సబ్జెక్టులు మళ్లీ రాయక్కర్లేదని, అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుందని కూడా ఆవిడే చెప్పారు. సగం టెన్షన్ అక్కడే పోయింది.

మొన్న రిజల్ట్ వచ్చింది. లెక్కల్లో 41.