ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మా ఊరి ఖర్చు కనిపిస్తోంది, బిల్లు చూడాలంటే ఎలా?

ప్రశ్న:
మాది ఆంధ్రలో చిన్న పంచాయతీ. నిన్న రాత్రి పంచాయతీల లెక్కలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మా ఊరి పద్దు చూశాను. తాగునీటి మోటారు రిపేరు అంటూ ఒకే నెలలో మూడు వోచర్లు: 18,400, 17,950, 19,200. ఆ నెలలో మోటారు కాలింది ఒక్కసారే. బోరులోంచి పైకి లాగినప్పుడు తాడు పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వోచర్లో ఏం మార్చారో రాయలేదు. కార్యదర్శి గారిని అడిగితే నిలదీసినట్టు ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా అడగాలి?

జవాబు 1:
తమ్ముడూ, నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. ముందు ఒక మాట. వోచర్ మీద ఉండేది డబ్బు చెల్లించిన తేదీ, పని జరిగిన తేదీ కాదు. ఆర్థిక సంఘం నిధులు వాయిదాల్లో పడతాయి. వేసవిలో మోటారు కాలితే అప్పుపెట్టి బాగుచేయించి, డబ్బు పడ్డాక పాత బాకీలన్నీ ఒకేసారి తీర్చేవాళ్లం. కాబట్టి మూడు వోచర్లు ఉన్నంతమాత్రాన తప్పు జరిగినట్టు కాదు, జరగలేదనీ కాదు. అది తేలేది షాపు బిల్లు, ఎంబుక్ (పని కొలతలు రాసే పుస్తకం), పంచాయతీ తీర్మానం చూస్తేనే.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు. ‘అవినీతి జరిగిందా’ అని రాయకు, దానికి జవాబు రాదు. వోచర్ నంబర్లు వేసి, వాటికి జతచేసిన బిల్లుల నకళ్లు ఇమ్మని రాయి. రికార్డు స్వయంగా చూస్తానన్నా సెక్షన్ 2(జె) ప్రకారం చూపించాలి. గడువు 30 రోజులు.

జవాబు 2:
నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీలో పనిచేశాను. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ‘అమ్మా, మీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నిజమేనా’ అని అడిగేవాళ్లం. తర్వాత ఊరందరి ముందూ చదివేవాళ్లం. మోటారు బిల్లులు కూడా గ్రామసభలో అలాగే చదవమని అడగండి. అందరి ముందూ అడిగితే మీ ఒక్కరి మీదే కోపం ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, పొద్దున్నే దరఖాస్తు రాసుకుని వెళ్లాను. ఇవ్వకముందే కార్యదర్శి గారు కూర్చోబెట్టి ఫైలు తీశారు. రెండు బిల్లులు పాత నెలలవే, బేరింగులు, వైండింగు అని వివరంగా ఉన్నాయి. అనుమానపడ్డందుకు బాధేసింది. మూడో బిల్లు ఫైల్లో లేదు. సోమవారం చూపిస్తామన్నారు. దరఖాస్తు మాత్రం ఇచ్చి, రసీదు తీసుకునే వచ్చాను.