లేఅవుట్ పని 70 శాతం అయిపోయిందట. నాకైతే కనిపించడం లేదు

ప్లాట్ 64:
ఏడాదిన్నర కింద ఒక లేఅవుట్‌లో ప్లాట్ బుక్ చేశాను. మొత్తం 240 ప్లాట్లు. డబ్బు నాలుగు వాయిదాల్లో కట్టాలి, రెండు కట్టేశాను. మూడోది ‘అభివృద్ధి పనులు 70 శాతం పూర్తయ్యాక’ అని అగ్రిమెంట్‌లో ఉంది. పోయిన వారం మెసేజ్ వచ్చింది: 70 శాతం అయిపోయింది, నెలలోగా కట్టండి అని.

పదిహేను నెలలుగా నెలకోసారి వెళ్లి, నా ప్లాట్ మూల రాయి దగ్గరే నిలబడి ఒక ఫోటో తీస్తున్నాను. పిల్లాడి ఎత్తు గోడ మీద గీసుకున్నట్టుందని మా ఆవిడ నవ్వుతుంది. అన్నీ వరసగా పెట్టి చూశాను. మొదటి నాలుగు నెలల్లోనే గేటు, ఆర్చి, తారు రోడ్డు, రోడ్డు మధ్య మొక్కలు వచ్చేశాయి. తర్వాతి పదకొండు ఫోటోల్లో మారింది దాదాపు మొక్కల ఎత్తే. కరెంటు స్తంభాలున్నాయి, తీగల్లేవు. నీళ్ల ట్యాంకుకి పిల్లర్లు లేచి ఆగిపోయాయి.

ఇంకో టెన్షన్. ఇదే లేఅవుట్‌లో ప్లాట్లను కొందరు ఆఫీసు రేటు కన్నా తక్కువకే రీసేల్‌కి పెట్టారు. ఆఫీసులో అడిగితే మార్కెట్ బ్రహ్మాండంగా ఉంది, రెండో ఫేజ్ కూడా మొదలుపెడుతున్నాం అంటున్నారు. కట్టాలా, ఆగాలా?

సైట్ ఇంజినీర్:
ఇలాంటి సైట్లలోనే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నానండీ. మీరు చెప్పినవాటిలో నాకు నచ్చనిది తీగలు లేకపోవడం కాదు, ఆ తారు రోడ్డు. పని కింది నుంచి పైకి రావాలి. మురుగునీరు వాలు మీద దానంతటదే పోవాలి కాబట్టి ఆ పైపు అన్నిటికన్నా లోతులో ఉంటుంది, ముందు అదే పడాలి. 150 మి.మీ. పైపుకి మామూలుగా వంద మీటర్లకు ఒక మీటరు వాలు ఇస్తాం. నేల చదునుగా ఉండి వీధి 300 మీటర్లుంటే, ఈ కొసకీ ఆ కొసకీ మూడు మీటర్ల తేడా. అంత లోతు తవ్వాక వాన కాలువ, మంచినీళ్ల పైపు, కేబుళ్లు, చిట్టచివర రోడ్డు.

మీ దగ్గర పైపు పడకుండా రోడ్డు వచ్చిందంటే రేపు దాన్ని పగలగొడతారు. పూడ్చేటప్పుడు 20, 30 సెంటీమీటర్ల పొరలుగా మట్టి పోసి దిమ్మిస కొట్టకపోతే రెండు వానలకే అక్కడ గాడి పడుతుంది. ఇళ్లు కట్టే లారీలు తగ్గాకే తారు పై పొర వేద్దామని మేం మొత్తుకుంటాం. అమ్మేవాళ్లకి బ్రోషర్‌లో నల్లటి రోడ్డు కావాలి.

మీరు అడగాల్సిన మాట ఒకటే: దేంట్లో 70 శాతం? కొందరు ఖర్చులో చెప్తారు, అందులో భూమి కొన్న డబ్బూ కలిపేస్తారు. మొత్తం ఖర్చులో భూమిదే 60 శాతం అనుకోండి, పలుగు పట్టకముందే 60 శాతం అయిపోయినట్టు! పనుల వారీగా కొలతలు అడగండి. మురుగు పైపు ఎన్ని మీటర్లకు ఎన్ని మీటర్లు పడింది? మ్యాన్‌హోల్ మూతలుంటే తీయించి చూడండి. ఒకచోట నేను తీయిస్తే కింద మట్టే ఉంది.

లెక్కల మనిషి:
రీసేల్ వాళ్లదీ, ఆఫీసు వాళ్లదీ రెండూ అడిగే రేట్లే. ఎవరైనా ఆ రేటుకి కొన్నారా అన్నది వేరే సంగతి. రిజిస్టర్ అయిన అమ్మకాలు లెక్కపెట్టండి. అమ్ముడుపోనివాటిని నెల సగటు అమ్మకంతో భాగిస్తే ఎన్ని నెలల సరుకుందో తెలుస్తుంది. కట్టిన ఇళ్ల మార్కెట్‌లో ఆరు నెలల సరుకుంటే కొనేవాడికీ అమ్మేవాడికీ సమానం అంటారు. కొత్త లేఅవుట్‌లో సరుకంతా ఒక్కసారే దిగుతుంది కాబట్టి ఆ కొలత అచ్చంగా పనికిరాదు, కానీ అంకె మరీ పెద్దదైతే రెండో ఫేజ్ ఎందుకో అడగాలి. మీ వాయిదా అక్కడికి పోతోందేమో. అన్నట్టు, లేఅవుట్‌లో ఇళ్లు ఎన్ని లేచాయి?

రెండుసార్లు కాలినవాడు:
ఊరికే ఆగిపోకండి అన్నా. నేనలా ఆగితే ఆలస్యం వడ్డీ నా నెత్తినే పడింది. గడువు దాటకముందే అభ్యంతరం రాసి పంపండి. అంతకన్నా ముందు అగ్రిమెంట్ లాయర్‌కి చూపించండి.

ప్లాట్ 64:
అందరికీ థాంక్స్. లెక్క తీశాను. 240లో రిజిస్టర్ అయినవి 96. గత ఆరు నెలల్లో 18, అంటే నెలకు మూడు. మిగిలిన 144కి 48 నెలలు! ఇళ్లు రెండు లేచాయి, అందులో ఒకటి వాళ్ల సేల్స్ ఆఫీసే.

మ్యాన్‌హోళ్లు అసలు లేవు, కాబట్టి మూతల గొడవ లేదు. లాయర్ చూసిన లెటర్ మొన్న పంపాను. జవాబు ఫోన్‌లో చెప్పబోయారు, రాసి పంపమన్నాను. ఇవాళ పక్క ప్లాటాయన ఫోటో పంపాడు: గేటు లోపల పైపుల లారీ ఆగి ఉంది. ఇంజినీర్ గారూ, నాలుగంగుళాల పైపుల్లా ఉన్నాయి. సరిపోతాయా?

సైట్ ఇంజినీర్:
ఇంట్లోంచి బయటికి వేసుకోవడానికి సరిపోతాయి. వీధికి చాలవు. పైపు మీద సైజు అచ్చువేసి ఉంటుంది, అది కనిపించేలా ఇంకో ఫోటో తీయమనండి, దించేలోపే.