బ్యాగ్ పోయిందన్న తమ్ముడికి

తమ్ముడూ, వేరే దేశం వెళ్లినప్పుడు రైల్లో దొంగలు నీ బ్యాగ్ కొట్టేశారని, ఫోన్, కార్డులు, పాస్‌పోర్ట్, నువ్వుండే దేశం ఇచ్చిన రెసిడెన్స్ కార్డు అన్నీ అందులోనే పోయాయని, ఎవరిదో లాప్‌టాప్ నుంచి పెట్టిన నీ మెసేజ్ ఇప్పుడే చూశాను. నీకు దెబ్బలేం తగల్లేదు కదా, అదే ముఖ్యం. పోయినవన్నీ మళ్లీ వచ్చేవే, కాస్త తిరగాలి, కాస్త ఖర్చవుతుంది, అంతే.

ఈ పూట మాత్రం కూర్చోకు. అందరూ ముందు కార్డులు బ్లాక్ చేసి సిమ్ సంగతి మర్చిపోతారు. ఫోన్ లాక్ ఉన్నా సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ ఆ దొంగకే వెళ్లొచ్చు, అందుకే ముందు సిమ్ ఆపించు, ఇండియా నంబర్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంటే దాన్ని కూడా, ఆ తర్వాత బ్యాంకులకి ఫోన్ చెయ్యి. కాల్ చేసిన టైము, వాళ్లిచ్చిన కంప్లైంట్ నంబర్ రాసి పెట్టుకో, ఎందుకంటే ఇండియా బ్యాంకులైతే ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం నువ్వు చెప్పాక పోయిన డబ్బు బ్యాంకే భరించాలి, రేపు వాదన వస్తే ఆ నంబరే నీకు ఆధారం.

ఇంట్లో వాళ్లకి చెప్పనా వద్దా అని అడిగావు. ఇవాళే చెప్పు. మీ అమ్మ కంగారు పడుతుంది నిజమే, కానీ ఫోన్ తెరుచుకుంటే వాడు నీ పేరుతో "అర్జెంటుగా డబ్బు పంపు" అని మీ నాన్నకే మెసేజ్ పెట్టొచ్చు, పాపం ఆయన ఒక్క ప్రశ్న అడక్కుండా పంపేస్తారు. ఇంకోటి, ఐఫోన్ అయితే కొన్నాళ్లకి "మీ ఫోన్ దొరికింది, ఇక్కడ లాగిన్ అవ్వండి" అని లింక్ రావచ్చు, ఆశపడి నొక్కకు, అది దొంగల పనే. అకౌంట్ నుంచి ఆ ఫోన్‌ని తీసెయ్యమన్నా తీసెయ్యకు, తీస్తే వాడు హాయిగా అమ్ముకుంటాడు.

పోలీసులు బ్యాగ్ పట్టిస్తారన్న ఆశతో కాదు, కాగితం కోసం వెళ్లు. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు 24 గంటల్లో రిపోర్ట్ ఉండాలంటాయి, మన ఇండియా ఎంబసీ కూడా అదే అడుగుతుంది. అక్కడ మన పేర్లతో పెద్ద తలనొప్పి, ఇంటిపేరు ఏదో అసలు పేరు ఏదో వాళ్లకి అర్థం కాక అటూ ఇటూ రాస్తారు, కొన్నిసార్లు ఇంటిపేరు వదిలేస్తారు. కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం కాగితం మీద రాసిచ్చి, రిపోర్ట్ ప్రింట్ తీశాక అక్కడే నిలబడి చదువు. పాస్‌పోర్ట్ నంబర్, వీసా, రెసిడెన్స్ కార్డు పోయిన సంగతి అందులో ఉండాలి.

పాస్‌పోర్ట్ విషయం తొందరపడకు. ఎంబసీ వాళ్లు ఎమర్జెన్సీ సర్టిఫికేట్ త్వరగానే ఇస్తారు గానీ దానితో ఇండియాకి వెళ్లడం వరకే, నీ ఉద్యోగం ఉన్న దేశానికి తిరిగి వెళ్లడానికి పనికిరాదు. అది తెలియక టికెట్ కొనేస్తారు కొందరు. నీకు కావాల్సింది కొత్త పాస్‌పోర్ట్, దాంతోపాటు నువ్వుండే దేశం కాన్సులేట్‌తో కూడా మాట్లాడాలి, రెసిడెన్స్ కార్డు లేకుండా ఎలా రానిస్తారో వాళ్లే చెప్పాలి. ఒకసారి పోయిందని రిపోర్ట్ చేశాక పాత పాస్‌పోర్ట్ రద్దవుతుంది, రేపు దొరికినా దాంతో ప్రయాణం చెయ్యకూడదు.

ఇక "నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నావు చూడు, ఆ మాట నాకు బాధేసింది. ఈ దొంగలు జట్టుగా పని చేస్తారు తమ్ముడూ. ఒకడు నీ కోటు మీద ఏదో ఒలికించి సారీ సారీ అంటూ తుడుస్తుంటాడు, ఇంకొకడు మ్యాప్ పట్టుకుని దారి అడుగుతాడు, మూడోవాడు తలుపులు మూసుకునే ముందు బ్యాగ్‌తో దిగిపోతాడు, నీకు తెలిసేసరికి రైలు కదులుతుంటుంది. ఏళ్లుగా అక్కడే ఉన్నవాళ్లకీ ఇలాగే జరుగుతుంది. "ఆ ఊళ్లో అందరూ దొంగలే" అనేవాళ్ల మాట కూడా పట్టించుకోకు, నీకు లాప్‌టాప్ ఇచ్చి ఈ మెసేజ్ పెట్టుకోనిచ్చినవాళ్లు ఆ ఊరివాళ్లే కదా. కొన్నాళ్లు ఎవరు దగ్గరకొచ్చినా ఉలిక్కిపడతావు, నిద్ర కూడా సరిగ్గా పట్టదు, మామూలే, అలా అని బయటికి వెళ్లడం మానకు.

రిపోర్ట్ చేతికొచ్చాక పేరు, నంబర్లు కనిపించకుండా కప్పేసి ఫోటో పంపు, ఏదైనా వదిలేశారేమో చూసి చెప్తాను. డబ్బు అవసరమైతే మొహమాటపడకు, ఈ రాత్రికే అడుగు.