పాత పెళ్ళి క్యాసెట్లు: ఫైర్‌వైరేనా, ఏవీ వైరుతో కానిచ్చేయొచ్చా?

ముక్కామల కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో బీరువా అడుగున చిన్న క్యాసెట్లు, అవేనండి మినీడీవీలు, ఓ అట్టపెట్టెడు ఉన్నాయి. అక్క పెళ్ళి, తాతయ్య షష్టిపూర్తి, 2003 పుష్కరాలప్పుడు రాజమండ్రి కోటిలింగాల రేవు దగ్గర తీసినవి, జగ్గన్నతోట తీర్థం కూడా ఉండాలి. తీసిన కెమెరా కూడా ఉంది, సోనీది, ఛార్జర్ పెడితే ఆన్ అవుతోంది, క్యాసెట్టు తిరుగుతోంది, బుల్లి స్క్రీను మీద బొమ్మ వస్తోంది. వీటిని కంప్యూటర్లోకి ఎక్కించి, అనవసరమైనవి కోసేసి, చుట్టాలందరికీ ఇద్దామని నా ఆలోచన. అమలాపురంలో ఒకాయన్ని అడిగితే ఫైర్‌వైర్, అదే కెమెరాని కంప్యూటర్‌కి కలిపే పాత డిజిటల్ కేబుల్, ఉంటే తప్ప వాటిని ముట్టుకోవద్దన్నాడు, ఇంకో షాపాయనేమో ఎర్ర తెల్ల పసుపు వైరు, అదే ఏవీ వైరు, తెచ్చి వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించే యూఎస్‌బీ స్టిక్కుకి గుచ్చితే అయిపోద్ది దానికింత గోలేంటన్నాడు. నా లాప్‌టాప్‌కి ఫైర్‌వైర్ సాకెట్టు లేదు. ఎవరి మాట వినాలండి?

పాలకొల్లు స్టూడియో బాబాయ్:
మొదటాయన మాట విను తమ్ముడూ. మినీడీవీలో టేపు మీద ఉన్నది ఆల్రెడీ డిజిటల్. ఫైర్‌వైర్లో లాగితే టేపు మీదున్న డేటా ఉన్నదున్నట్టు హార్డ్‌డిస్కులోకి దిగుతుంది, మధ్యలో ఎవడూ చెయ్యిపెట్టడు. పసుపు వైరులో పంపితే ముందు కెమెరా దాన్ని మామూలు టీవీ సిగ్నల్ కింద మారుస్తుంది, ఆ స్టిక్కు మళ్ళీ దాన్ని డిజిటల్ చేస్తుంది, చేసింది ఊరుకోకుండా నలిపి కుదించి ఇస్తుంది. మేం పానాసోనిక్ ఎండీ 10000 భుజానేసుకుని పెళ్ళిళ్ళు తీసిన రోజుల్లో గంట క్యాసెట్టు ఎక్కించాలంటే గంటా పట్టేది, 13 జీబీ తినేది, 80 జీబీ డిస్కు ఉంటే అదో గొప్ప, రెండు పెళ్ళిళ్ళకే నిండిపోయేది. అయినా ఏవీ వైరుతో ఎక్కించిన వాడిని మేం ఎడిటర్ అనేవాళ్ళం కాదు.

భీమవరం బైట్స్:
బాబాయ్ గారు చెప్పిందంతా కరెక్టేనండి, కాకపోతే అప్పటికి కరెక్టు. ఇప్పుడు ఆ కుర్రోడు ఏం చెయ్యాలి? ఫైర్‌వైర్ ఉన్న కొత్త లాప్‌టాప్ ఎక్కడ దొరుకుద్ది? ఓ డెస్క్‌టాప్ వెతుక్కుని, దానికి కార్డు కొని, కేబుల్ కొని, విండోస్ 10 లేదా 11 అయితే కొన్ని కార్డులకి పాత లెగసీ డ్రైవర్ విడిగా దించుకుని, అది గుర్తుపట్టేదాకా దణ్ణాలు పెట్టుకుంటా కూర్చోవాలి. మ్యాక్ అంటారా, అడాప్టర్‌కి అడాప్టర్ తగిలించి దానికి ఇంకో కేబుల్ తగిలించి కొంతమంది నెట్టుకొచ్చారు, 2025 లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో యాపిల్ దానికీ మంగళం పాడేసింది. ఇంతా చేస్తే బొమ్మ ఎంత, 720 బై 576. చూసేది ఫోన్లో, అదీ వాట్సాప్‌లో వచ్చింది, వాట్సాప్ ఎలాగూ పిండేస్తుంది. ఈ ఏర్పాట్లయ్యేలోపు ఆ కెమెరా ఆగిపోతే ఏం చేస్తారండి? ఏవీ వైరు ఇవాళే దొరుకుద్ది, ఇవాళే మొదలెట్టొచ్చు. నా ఓటు స్టిక్కుకే.

లంక లైనక్స్:
ఊరు లంకగన్నవరం, ఉండేది హైదరాబాదు. బైట్స్ గారూ, ఖర్చు మీరు చెప్పినంత లేదండి. డెస్క్‌టాప్ లోపల గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డులు ఇంకా కొత్తవే అమ్ముతున్నారు, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది చూసి తీసుకుంటే గొడవ తక్కువ. విండోస్‌లో విన్‌డీవీ అని చిన్న ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, లైనక్స్ అయితే డీవీగ్రాబ్, డ్రైవర్ వెతికే పనే లేదు, కెర్నెల్లోనే, అంటే లైనక్స్ గుండెకాయలోనే ఉంటుంది, 2029 దాకా చూసుకుంటానని దాన్ని చూసే డెవలపర్ చెప్పాడు కూడా.

ఒక్కటి మాత్రం కుర్రోడు గారు గుర్తుపెట్టుకోండి. ఆన్‌లైన్లో ఒక చివర యూఎస్‌బీ ఇంకో చివర ఫైర్‌వైర్ ఉన్న కేబుళ్ళూ బుల్లి అడాప్టర్లూ చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్ళొద్దు. లోపల చిప్ ఏమీ ఉండదు, వైర్లు అటూ ఇటూ అతికించి ఉంటాయంతే. కెమెరాకి యూఎస్‌బీ సాకెట్టు ఉంది కదా అని కూడా అనుకోకండి, ఆ కాలం కెమెరాల్లో చాలావాటికి అది మెమరీ స్టిక్కులో ఫొటోలు దించుకోడానికీ, వెబ్‌క్యామ్ లాగా గీతల బొమ్మ చూపించడానికీ పెట్టింది. సోనీ అంటున్నారు కాబట్టి ఐ-లింక్ అని రాసున్న చిన్న సాకెట్టు వెతకండి, మీక్కావల్సింది అదే. సోనీ వాళ్ళు ఫైర్‌వైర్‌కి పెట్టుకున్న పేరది.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తట్లేదు. డీవీ టేపులో ప్రతి షాటుకీ తీసిన తేదీ, టైము డేటాలోనే రాసి ఉంటాయి. ఫైర్‌వైర్లో లాగితే అవి ఫైల్లోకి వస్తాయి, విన్‌డీవీ ఆ టైముని చూసి షాటు మారిన చోటల్లా ఫైలు విడగొట్టి, ఫైలు పేరులో తేదీ కూడా వేస్తుంది. ఏవీ వైరులో ఆ డేటా రాదు. ఎడిటింగ్‌కి కూర్చున్నాక తెలుస్తుంది దాని విలువ.

ఆత్రేయపురం అల్లుడు:
తేదీ రాసుంటుంది నిజమేనండి, కెమెరాలో తేదీ సెట్ చేసుకున్న వాళ్ళకి. మా మావగారి క్యాసెట్లన్నీ జనవరి 1 నే తీశారంట, పెళ్ళీ జనవరి 1, సీమంతం జనవరి 1, బారసాలా జనవరి 1.

తాడేపల్లిగూడెం టీచర్:
నేను ఏవీ వైరుతోనే చేశానండి, తెలిసే చేశాను. మా నాన్నగారు హరికథ చెప్పిన క్యాసెట్టు, కాలవ పక్కనే ఇల్లు, తేమకి టేపు అంచున తెల్లగా బూజు. మా తమ్ముడు ఫైర్‌వైర్ పెట్టి లాగితే పాడైన ముక్క వచ్చినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ ఆగిపోయేది, మళ్ళీ వెనక్కి తిప్పడం, మళ్ళీ ఆగడం. అలా తిప్పేకొద్దీ టేపు ఇంకా రాలుతోందనిపించి మాన్పించేశాను. తర్వాత ఏవీ వైరు పెట్టి ఒక్కసారి ప్లే నొక్కి వదిలేశాం. గళ్ళు గళ్ళుగా చెదిరిన చోట చెదిరింది, గొంతు మాత్రం రెండు మూడు చోట్ల తప్ప మొదట్నించి చివరిదాకా వచ్చింది. నాక్కావల్సింది గొంతు. మీరంతా బొమ్మ గురించే కొట్టుకుంటున్నారు, పాత క్యాసెట్లో మనుషులు మాట్లాడతారు కూడా.

పాలకొల్లు స్టూడియో బాబాయ్:
అమ్మా, మీ క్యాసెట్టు సంగతి వేరు, జబ్బు చేసిన టేపు. దానికి మీరు చేసింది తప్పని నేననను. ఈ కుర్రోడి టేపులు శుభ్రంగా తిరుగుతున్నాయంటున్నాడు కదా.

బైట్స్ అబ్బాయ్, తేడా ఏంటో చెప్తాను విను. జగ్గన్నతోట తీర్థంలో గంగలకుర్రు ప్రభ, అదే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన దేవుడి ప్రభ, కౌశిక కాలవ దాటే షాటు ఉందనుకో. భుజాల మీద ప్రభ, నడుంలోతు నీళ్ళు, జనం అరుపులు, నీళ్ళు ఎగిరి కెమెరా మీద పడుతుంటాయి. ఆ వీడియో సెకనుకి 25 ఫ్రేములే గానీ ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, సరిసంఖ్య గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, అంటే సెకనుకి 50 సార్లు కదలిక పట్టుకుంటుంది. ఫైర్‌వైర్లో వచ్చిన ఫైల్ని సరిగ్గా డీఇంటర్‌లేస్ చేస్తే, అంటే ఒక్కో సగాన్నీ ఓ నిండు ఫ్రేము చేస్తే, 50 ఫ్రేముల వీడియో అవుతుంది, ఆ నీళ్ళ తుంపర్లు విడివిడిగా కనపడతాయి, ప్రభ ఊగడం కూడా మెత్తగా ఉంటుంది. చవక స్టిక్కులో పడితే అది ఒక సగాన్ని పారేస్తుంది, లేదా రెండు సగాల్నీ కలిపి దువ్వెన పళ్ళలాగా గీతలు తెస్తుంది, నీళ్ళన్నీ ఒక బురద ముద్ద. పెళ్ళిపీటల మీద కదలకుండా కూర్చున్న జంటని తీసి తేడా లేదంటే ఎలా?

భీమవరం బైట్స్:
స్టిక్కులన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. మంచి స్టిక్కు తీసుకుని, సాఫ్ట్‌వేర్లో ఇంటర్‌లేస్ అలాగే ఉంచి కుదించకుండా ఎక్కిస్తే ఆ రెండు సగాలూ వస్తాయి బాబాయ్. కెమెరాకి ఎస్-వీడియో సాకెట్టు, అంటే వెలుగునీ రంగునీ విడివిడిగా పంపేది, ఉంటే పసుపు వైరు మానేసి అది వాడితే రంగులు అంచుల్లో పాకడం కూడా తగ్గుద్ది. పని తెలియని వాడు చేసినదాన్ని చూపించి పద్ధతే తప్పంటే ఎలాగండి.

లంక లైనక్స్:
ఇది ఒప్పుకుంటా. కానీ మంచి స్టిక్కు కొని, సెట్టింగులు నేర్చుకుని, కుదించకుండా దాచేంత డిస్కు పెట్టుకునేవాడు ఫైర్‌వైర్ కార్డే కొనొచ్చు కదా, అదే కష్టం, అంతకన్నా మెరుగైన ఫలితం. ఏవీ దారి సులువని మొదలెట్టి సులువైనది కాదని చివర్లో మీరే చెప్తున్నారు.

మధ్యలో ఎవరైనా ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా సలహా ఇస్తారేమో, ముందే చెప్తున్నా, వద్దు. ఆ చవక డబ్బాలు బొమ్మని సాగదీసి 1080 చేసి పంపుతాయి, నాలుగుకి మూడు వెడల్పు బొమ్మ కాస్తా పదహారుకి తొమ్మిది అయిపోయి అక్క పెళ్ళిలో అందరూ బొద్దుగా తయారవుతారు.

ఆత్రేయపురం అల్లుడు:
ఈ తలనొప్పులెందుకని నేను ఓ స్టూడియోకి ఇచ్చేశానండి, ఊరి పేరు చెప్పను. నెల తిరిగాక డీవీడీ ఇచ్చాడు. వేసి చూస్తే మా పెళ్ళి మొత్తం గులాబీ పూలు తిరిగే టైటిళ్ళు, హృదయాకారంలో మా మొహాలు, తాళి కట్టేటప్పుడు మంత్రాలు తీసేసి సినిమా పాట. అసలు ఫైల్ ఇవ్వు బాబూ అంటే అది డిలీట్ చేసేశామండి అన్నాడు. డీవీడీ అంటే ఎంపెగ్-2, బాగా కుదించింది, గంటకి 2, 3 జీబీ, దాన్ని మళ్ళీ ఎడిట్ చేస్తే ఇంకా చెడుతుంది. బయటికిచ్చేవాళ్ళు ముందే అడగండి, నాకు డీవీ ఏవీఐ ఫైలు, అంటే టేపు మీదున్నది ఉన్నదున్నట్టు దిగిన ఫైలు, కావాలి, హార్డ్‌డిస్కు నేనిస్తాను, పాటలు వద్దు అని. ఒప్పుకోకపోతే క్యాసెట్లు వెనక్కి తెచ్చేసుకోండి.

పాలకొల్లు స్టూడియో బాబాయ్:
ఆ గులాబీలు అప్పట్లో జనమే అడిగి వేయించుకునేవారు నాయనా, మా మీద పడితే ఎలా.

ముక్కామల కుర్రోడు:
అందరికీ థ్యాంక్సండి. రావులపాలెంలో మా చిన్నాన్న దగ్గర పాత డెస్క్‌టాప్ ఒకటి మూలన పడుంది, విప్పి చూస్తే కార్డు పెట్టుకునే స్లాటు ఖాళీగా ఉంది. ఫైర్‌వైరే ప్రయత్నిద్దామనుకుంటున్నా. కెమెరాకి ఐ-లింక్ అని ఉంది, చిన్న సాకెట్టు. ఇంకేం చూసుకోవాలి? లాప్‌టాప్‌లో ఎడిటింగ్ లాగుద్దా, ఒక్కో క్యాసెట్టు 13 జీబీ అంటున్నారు.

లంక లైనక్స్:
సైజు చూసి భయపడకండి, డీవీ ఎడిటింగ్‌కి చాలా తేలిక, ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది కాబట్టి ఇప్పటి ఫోన్లో తీసిన 4కే కన్నా మీ లాప్‌టాప్ దీన్నే హాయిగా నడుపుద్ది. ఏవీఐ ఫైళ్ళని ఓ డిస్కులో అలాగే ఉంచి, కాపీ ఇంకో డిస్కులో పెట్టి, చుట్టాలకిచ్చేది మాత్రం ఎడిట్ అయ్యాక డీఇంటర్‌లేస్ చేసి ఫోన్లలో, టీవీల్లో ఆడే హెచ్.264 లో తీయండి. పాడైన క్యాసెట్టు తగిలితే, టేపు ఓర్చుకుంటుందనిపిస్తేనే, రెండు మూడు సార్లు లాగి ఆ ఫైళ్ళలోంచి బాగున్న ముక్కలు కలిపే డీవీరెస్క్యూ అనే సాధనం ఉంది, ఫ్రీనే. టీచర్ గారి తమ్ముడికి కూడా చెప్పండి.

పాలకొల్లు స్టూడియో బాబాయ్:
నాలుగు మాటలు. కొత్త కార్డు పెట్టగానే పుష్కరాల క్యాసెట్టు వేయకు, పోయినా ఫరవాలేదనుకున్నది ఏదన్నా ముందు వెయ్యి. ఏళ్ళ తరబడి తిరగని టేపు కాబట్టి ప్లే చేసేముందు చివరిదాకా ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ చుట్టు, పొరలు విడతాయి. ముసురు పట్టినప్పుడు, ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెచ్చిన వెంటనే క్యాసెట్టు పెట్టకు, లోపల డ్రమ్ము మీద చెమ్మ పట్టి టేపు అతుక్కుంటది, కెమెరాయే తేమ గుర్తు చూపించి మొరాయిస్తే దాని మాట విని ఓ గంట వదిలెయ్యి. ఎల్పీలో తీసినవుంటే, అంటే గంట క్యాసెట్లో గంటన్నర పట్టించినవి, అవి తీసిన కెమెరాలోనే సరిగ్గా ఆడతాయి, వేరే కెమెరాలో గళ్ళు పడతాయి. అందుకే నీ సోనీ బతికుండగా ముందు వాటి పని చూడు.

భీమవరం బైట్స్:
వాటి పని చూస్తూ సోనీ ఆగిపోతే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. సరే, ఒక పని చెయ్యండి కుర్రోడు గారూ, ఒకే షాటుని రెండు రకాలుగా ఎక్కించి ఏది ఏదో చెప్పకుండా ఇక్కడ పెట్టండి. బాబాయ్ గారు చూసి చెప్పాలి.

పాలకొల్లు స్టూడియో బాబాయ్:
పెట్టమను. నీళ్ళున్న షాటే పెట్టమను. ఫోన్లో కాదు, టీవీలో చూసి చెప్తా.

ముక్కామల కుర్రోడు:
పెడతానండి, కార్డు రానివ్వండి. కేబుల్ ఏది కొనాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

లంక లైనక్స్:
కెమెరా వైపు 4 పిన్నులది, కార్డు వైపు మామూలుగా 6 పిన్నులది, కాబట్టి 4 నుంచి 6. ఆ ఆరులో రెండు పిన్నుల్లో కరెంటు వస్తుంది, ప్లగ్గు తిరగేసి బలవంతంగా తోస్తే సాకెట్టు కాలిపోయిన కేసులున్నాయి. కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపేసి, చీకట్లో తడుముకోకుండా లైటు వేసుకుని గుచ్చండి.